రాళ్ళెత్తిన 'కూలీలు': ఆ లీకి దీర్ఘం ఎందుకు?

మేఘమాల:
నాలుగు రోజులుగా ఒక పాదం మనసులో తిరుగుతోంది. "పిరమిడ్ల నిర్మాణానికి రాళ్ళెత్తిన కూలీలెవ్వరు" అని నా చెవిలో ఉంది. శ్రీశ్రీదని తెలుసు. దగ్గర్లోనే నైలు నది కూడా ఉందని తెలుసు. కానీ పైకి చదివితే ఎక్కడో అడుగు తడబడుతోంది. పాఠం ఎవరైనా సరిచేస్తారా?

ఇది ఎందుకు గుర్తొచ్చిందంటే, ప్రాచీన కాలంలోనే కూలి ఉంది, వర్తకం ఉంది, అంగళ్ళు ఉన్నాయి, కాబట్టి పెట్టుబడిదారీ విధానం కొత్తదేమీ కాదని నా స్నేహితురాలు వాదించింది. "మీ శ్రీశ్రీయే కూలీలన్నాడు కదా, బానిసలనలేదు కదా" అంది. నాకు జవాబు తోచలేదు. ఆయన ఆ మాట తెలిసే వేశాడా, లేక ఛందస్సు కోసం వేశాడా?

చతురస్రం:
తాజమహల్ అండీ, పిరమిడ్లు కావు. మీ చెవిలో రెండు పాదాలు కలిసిపోయాయి. ముందుది "నైలునదీ నాగరికతలో సామాన్యుని జీవనమెట్టిది". దాని తర్వాతది "తాజమహల్ నిర్మాణానికి రాళ్ళెత్తిన కూలీలెవ్వరు". నైలు తలచుకోగానే పిరమిడ్ వచ్చి తాజమహల్ చోట కూర్చుంది.

అడుగు తడబడుతోందన్నారు చూశారా, మీ చెవి నిజమే చెప్పింది. పలకడానికి పట్టే కాలం కొలతే మాత్ర: పొట్టి అక్షరం (లఘువు) ఒకటి, పొడవుది (గురువు) రెండు. తాజమహల్ 6 మాత్రలు, నిర్మాణానికి 8. రాళ్ళెత్తిన 6, కూలీలెవ్వరు 8. నైలునదీ 6, నాగరికతలో 8. సామాన్యుని 6, జీవనమెట్టిది 8. ఎక్కడా ఒక్క మాత్ర అటూ ఇటూ కాలేదు. పిరమిడ్ల అంటే 5 మాత్రలే వస్తాయి. అక్కడే మీ కాలు జారింది.

గసడదవ:
పాఠం తేలింది కాబట్టి అసలు సంగతికి వద్దాం. కూలి అంటే డబ్బు, కూలీ అంటే మనిషి. ఈ తేడా పట్టించుకోకుండా స్నేహితురాలు ఒక మాట చోట ఇంకొకటి వాడేసింది. మన పాత మాట కూలి. ఆ పని చేసేవాడు కూలివాడు, కూలిమనిషి. దీర్ఘంతో ఉన్న కూలీ తర్వాతి కాలంది. మన దక్షిణాది కూలి ఓడలెక్కి పోర్చుగీసువాళ్ళ, ఇంగ్లీషువాళ్ళ నోళ్ళలో పడి, హిందుస్తానీలో కులీ అయి, మనిషి పేరుగా మళ్ళీ మన ఇంటికొచ్చిందని నా నమ్మకం. గుజరాత్ కోలీల పేరు నుంచి పుట్టిందనే వాదం కూడా ఉంది. అది నాకు రుచించదు. పనికి ఇచ్చే ప్రతిఫలం అనే అర్థం తమిళంలోనూ తెలుగులోనూ అంత స్థిరంగా ఉన్నప్పుడు ఒక సమూహం పేరు దగ్గరికి పోనక్కర్లేదు.

అంటే శ్రీశ్రీ వాడింది ప్రాచీనుల మాట కాదు, వలస పాలన కాలపు మాట. తోటలకీ రేవులకీ మనుషుల్ని తోలుకుపోయిన కాలం దాని మీద ముద్ర వేసింది. దాన్ని తీసుకెళ్ళి తాజమహల్ దగ్గర నిలబెట్టాడాయన.

చతురస్రం:
వలస కాలం మాట అనేది ఒప్పుకుంటాను గానీ, దీర్ఘానికి అంత చరిత్ర అక్కర్లేదు గసడదవ గారూ. కూలి అనే మాటకి మనుషుల అర్థంలో బహువచనం ఏం చేస్తారు? 'కూలిలెవ్వరు' అంటే 7 మాత్రలు, పాదం కుంటుతుంది. దీర్ఘం పెడితేనే నడుస్తుంది.

గసడదవ:
'కూలివాళ్ళెవరు' అనొచ్చుగా? లెక్కేయండి. కూ 2, లి 1, వా 2, ళ్ళె 1, వ 1, రు 1. మొత్తం 8. మాత్రలు సరిపోయాయి. కాబట్టి ఛందస్సు ఆయన్ని నెట్టలేదు.

చతురస్రం:
మొత్తం సరిపోతే చాలదు. ఇది చతురస్ర నడక. రాళ్ళె, త్తినకూ, లీలె, వ్వరు అని నాలుగేసి మాత్రలుగా కొట్టుకుంటూ పోయి చివర రెండు దగ్గర ఆగుతుంది. మీ పాఠంలో మూడో చోట 'లివాళ్ళె' పడుతుంది. అది జగణం. రెండు లఘువుల మధ్యలోంచి గురువు లేచేసరికి తాళం పక్కకి పోతుంది. చప్పట్లు కొడుతూ చదివి చూడండి, చెయ్యే చెబుతుంది.

మేఘమాల:
కొట్టి చూశాను. నిజమే, 'వా' దగ్గర చెయ్యి ఆలస్యమవుతోంది.

వానకోయిల:
14 మాత్రలంటే ముత్యాల సరం కదా? గురజాడ బాట అనుకోవచ్చా?

చతురస్రం:
14 అనగానే ముత్యాల సరం అయిపోదమ్మా. గురజాడ 1910లో తెచ్చిన ఆ నడక మిశ్రగతి. మూడూ నాలుగూ, మూడూ నాలుగూ. ఇక్కడ నాలుగు, నాలుగు, నాలుగు, రెండు. మొత్తం ఒకటే, నడక వేరు. ముత్యాల సరం ఊగుతుంది. ఇది కవాతులా నడుస్తుంది. శ్రీశ్రీకి రెండూ చేతనవును. ఎక్కడ ఏది అన్నది ఆయన ఊరికే ఎంచుకోలేదు. చరిత్రని నిలదీసే పద్యానికి ఊయల నడక పనికిరాదు.

అరసున్న:
మీరిద్దరూ ఒక మాట మరిచారు. స్నేహితురాలు అడిగింది "బానిసలు అనలేదు కదా" అని. 'రాళ్ళెత్తిన బానిసలెవ్వరు' అని చదవండి. బా 2, ని 1, స 1, లె 2, వ్వ 1, రు 1. మొత్తం 8. నడక కూడా చెడదు. త్తినబా, నిసలె, వ్వరు. జగణం లేదు, ఏ అడ్డూ లేదు. చతురస్రం గారు ఏ తాళంతో కొట్టినా నిలుస్తుంది.

అంటే కూలీ అన్నది ఛందస్సు బలవంతం కాదు. బానిస అనే మాట అదే కొలతలో చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఆయన తీసుకోలేదు.

చతురస్రం:
ఇది నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నాను.

మేఘమాల:
అయితే స్నేహితురాలే గెలిచిందా? తెలిసే కూలీలన్నాడంటే, అప్పట్లో కూలి ఇచ్చి పని చేయించుకునే పద్ధతి ఉన్నట్టేగా.

మట్టిపలక:
ముందు ఒక చిన్న సంగతి. తాజమహల్ పని మొదలైంది 1632లో. అది ప్రాచీనం కాదు. ప్రాచీనం కావాలంటే ముందు పాదానికి, నైలు దగ్గరికి వెళ్ళాలి. అక్కడ ఆయన కూలీ అనలేదు, సామాన్యుడన్నాడు. ఈ తేడా నాకు ముఖ్యంగా కనిపిస్తుంది.

నైలు దగ్గర రాళ్ళు మోసిన వాళ్ళెవరో కొంత తెలుసు కూడా. 2013లో ఎర్రసముద్రం ఒడ్డున వాదీ అల్ జర్ఫ్ దగ్గర కొన్ని పపైరస్ చుట్టలు దొరికాయి. సుమారు 4,500 ఏళ్ళ నాటివి. మేరేర్ అనే అధికారి తన బృందంతో తురా గనుల నుంచి సున్నపురాయి పడవల మీద గీజాకి తరలించిన దినచర్య వాటిలో ఉంది. ఈ రోజు రాయి ఎక్కించాం, ఈ రాత్రి ఫలానా చోట ఆగాం అని. ఖూఫూ పిరమిడ్ కట్టిన కాలం అది. ఆ మనుషులు సంతలో కొని తెచ్చిన బానిసలు కారు. అలాగని అంగట్లో బేరమాడుకొని పనికి కుదిరిన కూలీలూ కారు. రాజు పిలిస్తే బృందాలుగా వచ్చారు. తిండి, బట్ట రాజు కొట్టు నుంచి అందాయి.

దానికి వెయ్యేళ్ళు దాటాక, రాజుల లోయలో సమాధులు తొలిచిన పనివాళ్ళ ఊరు దెయిర్ ఎల్ మదీనా. వాళ్ళకి నెలకి ఇంత అని ఖాయంగా ఉండేది. మామూలు పనివాడికి 4 ఖార్ల గోధుమ, ఒకటిన్నర ఖార్ల బార్లీ. ఖార్ అంటే వాళ్ళ ధాన్యపు కొలత. మూడో రామ్సెస్ రాజు పాలనలో 29వ ఏట ఆ ధాన్యం రాక ఆలస్యమైంది. నెలలో 18 రోజులు గడిచిపోయాయి, ఆకలిగా ఉన్నామంటూ పనివాళ్ళు పనిముట్లు వదిలి బయటికొచ్చి కూర్చున్నారు. రాతలో మిగిలిన సమ్మెల్లో మనకి తెలిసిన మొదటిది అదే. దాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. అయినా ఆ ధాన్యాన్ని కూలి అనాలా, జీతం అనాలా, బత్తెం అనాలా?

గసడదవ:
బత్తెం. అనుమానం లేదు. బత్తెం భక్తం నుంచి వచ్చింది. భక్తం అంటే వండిన అన్నం, తిండి. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో భక్తవేతనం అనే జంట మాట ఉంది. తిండి వేరు, వేతనం వేరు అని ఆనాడే విడదీసి చెప్పారు. దెయిర్ ఎల్ మదీనా వాళ్ళది భక్తం వైపు.

అరసున్న:
బత్తెం భక్తం నుంచా, భృత్యం నుంచా? నాకు భృతి, భృత్య వైపే మొగ్గు. భృ అంటే మోయడం, పోషించడం. పోషించినందుకు పోషితుడు చేసే పని, ఆ పోషణే భృతి.

గసడదవ:
ద్విత్వ తకారం భక్తంలో సహజంగా వస్తుంది. భృత్యం ప్రాకృతంలో భిచ్చ అవుతుంది. చకారం ఎక్కడ పోయింది మరి?

అరసున్న:
భృత్యం నేరుగా తెలుగులోకి వచ్చి ఉండవచ్చుగా, ప్రాకృతం గుండా రావాలని నియమం లేదు.

వానకోయిల:
ఇద్దరూ ఏ దారిన వెళ్ళినా తిండి దగ్గరికే చేరారు. జీతం కూడా అంతే. జీవితం ముడుచుకొని జీతమైంది. బతకడానికి ఇచ్చేది. కూలి ఒక్కటే ఈ గుంపులో ఇమడదు. దాంట్లో తిండి వాసన లేదు.

గసడదవ:
ఉందేమో! తమిళంలో కూలం అంటే ధాన్యం. ధాన్యంగా కొలిచి ఇచ్చేది కూలి అయ్యిందని నేను ఎప్పటి నుంచో అనుకుంటున్నాను. ఇది నా ఊహే, కానీ మమకారం ఉన్న ఊహ.

పాతబాకీ:
వేతనం అంటే ధాన్యమే అని తీర్మానించే ముందు బాబిలోన్ చూడండి. హమ్మురబీ శాసనంలో కూలికి పెట్టుకున్న మనిషికి రోజుకి ఇంత వెండి అని రాసి ఉంది. ఏడాది మొదట్లో 5 నెలలు రోజుకి 6 గింజల ఎత్తు వెండి, ఆ తర్వాత 5 గింజల ఎత్తు. గింజ అంటే యవగింజ, తూకానికి. రోజు కూలి, వెండిలో, కాలాన్ని బట్టి మారే రేటు. క్రీ.పూ. 18వ శతాబ్దంలో. ఇది బత్తెం కాదు. పక్కా కూలి.

ఇంకా వెనక్కి వెళ్ళండి. క్రీ.పూ. 19వ శతాబ్దంలో అష్షూరు నగర వర్తకులు అనటోలియాలోని, అంటే ఇప్పటి టర్కీలోని, కానేష్‌లో స్థిరపడి తగరం, బట్టలు గాడిదల మీద తెచ్చి అమ్మేవాళ్ళు. ఇప్పటి కుల్తెపె అది. అక్కడ 20 వేలకి పైగా మట్టిపలకలు దొరికాయి. అప్పు పత్రాలు, లెక్కలు, ఉత్తరాలు. ఒక వర్తకుడి దగ్గర పదిమంది బంగారం పోగేసి ఏళ్ళ గడువుతో అప్పగించేవాళ్ళు. లాభంలో వాటాలు ముందే రాసుకునేవాళ్ళు. ఆ ఏర్పాటుకి వాళ్ళు పెట్టుకున్న పేరు నరుక్కుమ్. అంటే సంచి. దీన్ని పెట్టుబడి అనకపోతే ఏమంటారు? సంచిలో పెట్టేదే కదా పెట్టుబడి!

వానకోయిల:
సంచి! ఎంత బాగుంది.

మట్టిపలక:
పాతబాకీ గారూ, ఈ పలకలు చదవడం నాకూ ఇష్టం, అందుకే ఆ పేరు పెట్టుకున్నాను. పెట్టుబడి అంటాను. వర్తకపు పెట్టుబడి. కానీ ఆ బట్టలు ఎవరు నేశారు? అష్షూరులో ఆ వర్తకుల భార్యలు, ఇంటి ఆడపిల్లలు, దాసీలు. నేను పంపిన బట్టలకి వెండి ఇంకా రాలేదని భర్తలకి రాసిన ఉత్తరాలున్నాయి. సంచిలోని బంగారం గాడిదల్ని నడిపింది. మగ్గం దగ్గరికి వెళ్ళి నేతని తన పద్ధతిలో మార్చలేదు. వర్తకం చేతికి సరుకు వచ్చాకే దాని రాజ్యం మొదలవుతుంది. సరుకు ఎలా తయారవుతుందో అంతకు ముందున్నట్టే ఉంటుంది.

మార్క్స్ వర్తక పెట్టుబడి, వడ్డీ పెట్టుబడి పెట్టుబడిదారీ విధానం కన్నా ఎంతో పాతవని స్పష్టంగానే చెప్పాడు. ప్రాచీనుల దగ్గర పెట్టుబడి పూర్తిగా ఎదిగే ఉంది, స్వేచ్ఛ గల పనివాడూ పరపతి వ్యవస్థా మాత్రమే లేవు అన్నవాళ్ళని ఆయన గట్టిగానే మందలించాడు. ఎందుకంటే ఆ 'మాత్రమే' అన్న చోటే విషయమంతా ఉంది.

అరసున్న:
ఇక్కడ నాకు మన మాట మీదే ఫిర్యాదు ఉంది. పెట్టుబడి అనేది చాలా వెడల్పాటి మాట. పెట్టు, బడి. రాబడి, దిగుబడి, చెల్లుబడి, కట్టుబడి ఎలాగో ఇదీ అలాగే. వచ్చింది రాబడి, దిగింది దిగుబడి, పెట్టింది పెట్టుబడి. ఆ బడి 'పడి' నుంచి వచ్చిందే. ఇంతకన్నా అర్థం ఏమీ లేదు. లాభం ఆశించి ఏదైనా పెట్టిన ప్రతివాడూ పెట్టుబడిదారే. అందుకే తెలుగులో ఆలోచించేవాళ్ళకి కానేష్ వర్తకుడు వెంటనే పెట్టుబడిదారుగా కనిపిస్తాడు. మాట మనల్ని అటు నెడుతుంది.

చతురస్రం:
పెట్టుబడి బడి, పాఠశాల బడి ఒకటేనా అని చిన్నప్పుడు నాకు అనుమానం ఉండేది. కాదు కదా?

అరసున్న:
కాదండీ. అది వేరు.

పాతబాకీ:
తెలుగుకి ఇంతకన్నా మంచి మాట ఉంది. మొదలు. అసలు ధనాన్ని మొదలు అనేవాళ్ళు. 'మొదటికే మోసం' అంటాం కదా, లాభం సంగతి దేవుడెరుగు, పెట్టిందే పోయింది అని దాని అర్థం. తమిళులు ఆ మాటనే పట్టుకొని ముదలాళి అన్నారు, ముదలాళిత్తువం అన్నారు. మనం మొదలుని వదిలి పెట్టుబడిని తెచ్చుకున్నాం, దానికి పారసీ 'దార్' తగిలించాం. లాటిన్‌లో కూడా తల అనే మాట నుంచే వాళ్ళ మూలధనం మాట పుట్టింది. తల, మొదలు. ఒకటే ఆలోచన.

గసడదవ:
వడ్డి సంగతి కూడా చెప్పండి, మీకు తెలిసినదే.

పాతబాకీ:
చెప్పకుండా ఉండగలనా! వడ్డి వృద్ధి నుంచి. పెరుగుదల. గ్రీకులో వడ్డిని తోకోస్ అంటారు, అంటే పుట్టిన బిడ్డ. డబ్బు డబ్బుని కనడం ప్రకృతికి విరుద్ధమని అరిస్టాటిల్ ఆ మాటనే పట్టుకొని తిట్టాడు. సుమేరు భాషలో వడ్డికి వాడిన మాష్ అనే మాటకి మేకపిల్ల అనే అర్థం కూడా ఉంది. బాబిలోన్‌లో వెండి అప్పు మీద నూటికి 20, బార్లీ అప్పు మీద మూడో వంతు వడ్డీ. మన పాణిని అయితే పది ఇచ్చి పదకొండు పుచ్చుకునేవాడికి దశైకాదశికుడని ప్రత్యేకంగా మాట సాధించి చూపించాడు. అదీ ఎక్కడ? నిందించదగిన రీతిలో ఇచ్చేవాడు అనే అర్థం కింద. వ్యాకరణంలోనే తీర్పు చెప్పేశాడు. ఇంత మంది, ఇన్ని భాషల్లో, డబ్బు పిల్లలు పెడుతుందని గమనించారంటే ఆ వ్యవస్థ వాళ్ళకి తెలియదని ఎలా అంటాం?

వానకోయిల:
పాణిని గారి దశైకాదశికుడిని ఈ రోజంతా తలుచుకుంటాను.

మట్టిపలక:
డబ్బు పిల్లలు పెట్టడం వాళ్ళకి తెలుసు. ఆ పిల్లలకి పాలు ఎక్కడివన్నది నా ప్రశ్న. ఏథెన్స్‌లో ఎరెక్థియోన్ గుడి కట్టినప్పుడు చెక్కిన లెక్కలు ఉన్నాయి. క్రీ.పూ. 5వ శతాబ్దం చివరివి. పౌరుడు, పరదేశి, బానిస ముగ్గురూ పక్కపక్కనే రాయి చెక్కారు. ముగ్గురికీ రోజుకి ఒక ద్రాఖ్మా, అంటే ఒక వెండి నాణెం. అదే రేటు. ఒకే స్తంభం దగ్గర యజమానీ అతని బానిసలూ కలిసి పనిచేశారు. బానిస పేరు మీద రాసిన ద్రాఖ్మా సాధారణంగా యజమాని చేతికే పోయేది.

గసడదవ గారు మొదట్లో చెప్పిన తేడా నాకు ఇక్కడ పనికొచ్చింది. కూలి ఉంది, కూలీ లేడు. డబ్బు చేతులు మారింది. కానీ తన చేతిపని తప్ప అమ్ముకోవడానికి ఇంకేమీ లేక, ఎవరికైనా అమ్ముకోగల స్వేచ్ఛతో, రోజూ అంగట్లో నిలబడే మనిషి ఆ లెక్కలకి మూలం కాదు. అలాంటివాళ్ళు ఉన్నారు. ఏథెన్స్‌లోనే అగోరా అనే సంతచావడి పక్క గుట్ట మీద పనికోసం నిలబడేవాళ్ళు ఉండేవాళ్ళు, ఆ గుట్టకి కూలివాళ్ళ గుట్ట అనే పేరే ఉంది. కానీ వాళ్ళ మీద ఆ సమాజం నిలబడలేదు. వాళ్ళు కోతలకీ కట్టడాలకీ వచ్చి పోయేవాళ్ళు. పొలం ఉన్న రైతు, ఇంటి మనుషులు, బానిసలు, వీళ్ళ మీద నిలబడింది.

పాతబాకీ:
ఏథెన్స్ వక్త డెమోస్తనీస్ తండ్రికి 30 మందికి పైగా కత్తులు చేసే బానిసలు, 20 మంది మంచాలు చేసే బానిసలు ఉన్నారు. కొడుకు కోర్టులో ఏడాదికి వాళ్ళ మీద ఎంత లాభమో లెక్క చెప్పాడు. కత్తులవాళ్ళ మీద 30 మినాలు, మంచాలవాళ్ళ మీద 12. మినా అంటే నూరు ద్రాఖ్మాలు. ముడిసరుకు కొన్నాడు, సరుకు చేయించి అమ్మాడు, లాభం లెక్క కట్టాడు. ఉత్పత్తిలోకే పెట్టుబడి వెళ్ళిందిక్కడ. మీ మగ్గం వాదం దీనికి ఆనదు.

మట్టిపలక:
ఇది గట్టి ఉదాహరణే. ఒప్పుకుంటాను. కానీ అక్కడ పనివాడే పెట్టుబడి. ఆ మనుషుల్ని ముందుగా కొని పెట్టుకోవాలి, పని లేని రోజు కూడా తిండి పెట్టాలి, పోతే మొదటికే మోసం. మనిషిని కొనడానికీ మనిషి రోజుని కొనడానికీ తేడా లేదంటే అప్పుడు కూలి అనే మాటకే పని ఉండదు.

అరసున్న:
రోమన్లకి ఈ తేడా మరోలా కనిపించింది. కూలి కోసం పనిచేసేవాడికి ఆ కూలే దాస్యానికి బయానా అని సిసిరో రాశాడు. మనకి స్వేచ్ఛగా కనిపించేది ఆయనకి బానిసత్వానికి మొదటి మెట్టు.

వానకోయిల:
బయానా అనే మాట ఎంత సరిగ్గా పడిందండీ అక్కడ.

మేఘమాల:
మీ అందరి మాటలూ చదువుతుంటే నాకు ఒకటి కనిపిస్తోంది. కూలి, కూలీ. పెట్టుబడిదారు, పెట్టుబడిదారీ. రెండు చోట్లా చివర ఒక దీర్ఘ ఈకారమే తేడా. అది లేనిది ప్రాచీన కాలంలో ఉంది, అది ఉన్నది లేదు. ఇలా చెప్పుకోవచ్చా?

గసడదవ:
చూడ్డానికి ముచ్చటగా ఉంది, కానీ ఆ రెండు ఈకారాలూ ఒకటి కావమ్మా. పెట్టుబడిదారీలోది జమీందారీలోది. వ్యక్తి నుంచి పద్ధతిని చేసే పారసీ ప్రత్యయం. కూలీలోది మనిషిని తయారుచేసింది, పద్ధతిని కాదు. ఒకటి మనిషి నుంచి వ్యవస్థకి వెళ్తుంది, ఇంకోటి డబ్బు నుంచి మనిషికి వస్తుంది.

మేఘమాల:
ప్రత్యయాలు వేరైనా నా స్నేహితురాలికి చెప్పడానికి ఇది చాలు. వదులుకోలేను.

మట్టిపలక:
వదులుకోకండి.

పాతబాకీ:
నేను మాత్రం ఒప్పుకోవడం లేదు. పేరు పుట్టకముందే వస్తువు ఉండొచ్చు. కానేష్ వర్తకుడికి పెట్టుబడిదారీ అనే మాట తెలియకపోవచ్చు, ధర ఎక్కడ ఎంతుందో, తగరం ఎప్పుడు దిగుతుందో రాయించుకుంటూ నిద్రపోనివాడు వాడు. ఆ టెన్షన్ నాకు ఆ పలకల అనువాదాల్లో వినిపిస్తుంది.

అరసున్న:
అందరూ కూలి చుట్టూనే తిరిగారు. మూడోది మరిచారు. వెట్టి. కౌటిల్యుడు 'వార్త'ని, అంటే జీవనోపాధి విద్యని, నిర్వచించినప్పుడు వ్యవసాయం, పశుపాలన, వాణిజ్యం అని మూడు చెప్పి, వాటి వల్ల రాజుకి అందేవి లెక్కపెడతాడు. ధాన్యం, పశువులు, బంగారం, కుప్యం (అడవి సరుకులు), విష్టి. ఆఖరిది గమనించండి. విష్టి అంటే కూలి లేని పని. వాణిజ్యం ఇచ్చే ఫలాల పక్కనే, అదే సమాసంలో, వెట్టి కూర్చుంది. అదే పుస్తకంలో ముందుగా మాట్లాడుకోని కూలి గురించి కూడా నియమం ఉంది. పొలం పనివాడికి పంటలో, పశువుల కాపరికి నేతిలో, వర్తకుడి మనిషికి అతను అమ్మిన సరుకులో పదో వంతు. అక్కడ కూలి, వెట్టి రెండూ పక్కపక్కనే ఉన్నాయి, ఒకదాన్నొకటి నెట్టుకోలేదు.

గసడదవ:
వెట్టి విష్టి నుంచేనా? తమిళంలో వెట్టి అంటే ఉత్తిది, పనికిమాలినది. ద్రావిడ మాటనే సంస్కృతం విష్టిగా శుద్ధి చేసుకుందేమో.

అరసున్న:
దానికి విరుద్ధంగా నా దగ్గర చాలా ఉంది. రేపు తీరిగ్గా రాస్తాను.

చతురస్రం:
వెట్టి వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. అదే పద్యంలో కాస్త కింద "ప్రభువెక్కిన పల్లకి కాదోయ్ అది మోసిన బోయీలెవ్వరు" అని ఉంది. అదీ 6, 8, 6, 8. కూలీలెవ్వరు, బోయీలెవ్వరు. రెండు చోట్లా అదే కొలత, అదే దీర్ఘం. బోయ మన మాట. బోయలెవ్వరు అంటే ఒక మాత్ర తగ్గుతుంది, అది సరే. కానీ ఆ యీ ఎక్కడి నుంచి వచ్చింది? ఆయన కలిపాడా, ముందే జనం నోట ఉందా?

గసడదవ:
ముందే ఉంది. బోయీలని జనం అనేవాళ్ళు. మరాఠీలో భోయి ఉంది.

చతురస్రం:
అయితే బోయ వేరు, బోయీ వేరా? కులం పేరు ఒకటి, పని పేరు ఒకటా?

మేఘమాల:
పల్లకి మోసినవాళ్ళకి ఇచ్చింది కూలా, బత్తెమా, వెట్టా? ఇది కూడా చెప్పండి.